మన గాబులో నీళ్లు

హాయిల్

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు, నీ భర్త దీవించి రాయునది. ఈ అరబ్బు దేశంలో నాకు ఏ లోటూ లేదు. అక్కడ నువ్వు, అమ్మ, బిడ్డ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్‌లో అయితే అమ్మ పక్కనే ఉంటుందని, ఊరికి వస్తున్న ఎల్లన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

సెలవు గురించి అడిగావు. పరదేశి కూలీల మీద ఇక్కడి సర్కారు వేసే లెవీ పెరిగిందని కంపెనీ ఈ ఏడాది ఊరికి పోయే టికెట్లు ఆపేసింది. నా ఒళ్లు బాగానే ఉంది, వేళకే తింటున్నాను.

ఇక నాగేందర్ సంగతి. మొదట్లో నాగేందరన్న అని రాసేదానివి. ఈసారి ఉత్త నాగేందర్ అయ్యాడు. అన్న ఎటు పోయాడే? ఇక్కడివాళ్లకే కొలువులనే నితాఖత్ చట్టం వచ్చి, ఈ దేశంలోనే మలాజ్‌లో అతని పని పోయి ఊరికి తిరిగొచ్చినప్పుడు ఊరంతా అయ్యో పాపం అన్నారు. ఇప్పుడు ఊరి నీళ్ల ట్యాంకు అతని చేతిలో, మన ఇంటి చాయ్ గ్లాసు కూడా అతని చేతిలో. నాకు కడుపు మండుతోంది. పని పోయినవాడు నా బిడ్డను రోజూ చూస్తున్నాడు. పని ఉన్న నేను ఫోన్‌లో చూస్తున్నాను.

చింతచెట్టు కింద తాగే నీళ్లు నింపే మన గాబు వాసన కొడుతోందని, బిడ్డ మొహం తిప్పుకుంటోందని రాశావు. అతను చెప్పిందీ రాశావు: “ముందుగాల గాబుల రాలిన చింతాకు తియ్యి చెల్లె. పటిక తిప్పి, తేట నీళ్లు వడగట్టు. గప్పుడు జరంత బ్లీచింగ్ ఎయ్యి.” అతను చెప్పినట్టు చెయ్యాలా వద్దా అని నన్ను అడిగావు.

ఇక్కడ నేను పనిచేసే తోటలో కూలీలు తాగేవి మూత లేని పెద్ద తొట్టి, హౌజు నీళ్లు. పైపులకు నాచు పట్టకుండా ఇన్నేళ్లూ హౌజులోనే క్లోరిన్ గుమ్మరించేవాణ్ని. ఈమధ్య నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసే మన హైదరాబాదు ఇష్తియాక్ ఆపించాడు.

“గంగారాం భాయ్, నాచుకు క్లోరిన్ తగిలితే నీళ్లల్ల పాడు రసాయనం పుడ్తది. ఏండ్లకేండ్లు తాగితే మంచిగ కాదు. ముందు నాచు వడగట్టు, ఎనుక క్లోరిన్ వెయ్. కమ్ వెయ్, జరంతనే, మగర్ బంద్ చెయ్యకు.”

అలాగే చేశాం. వాసన తగ్గింది, పరీక్షలో ఆ పాడు రసాయనం కూడా బాగా తగ్గింది.

పుష్పా, అసలు మాట ఇప్పుడు రాస్తున్నాను. మొన్న ఫోన్‌లో నువ్వు మళ్లీ అడిగితే “ఆనికేం దెల్సు, ఇంకో చెంచా బ్లీచింగ్ ఎయ్యి” అన్నాను కదా. బ్లీచింగ్‌లో ఉండేదీ క్లోరినేనని, కుళ్లిన ఆకూ నాచు లాంటిదేనని అప్పటికే ఇష్తియాక్ నాకు చెప్పాడు. నాగేందర్ మాటే సరైనదని తెలిసే అన్నాను. తాగేది నా బిడ్డ అని తోచలేదు. నీ నోట అతని పేరొక్కటే వినబడింది. నిన్న ఫోన్ చేసి గాబు పారబోయమన్నది అందుకే. ఎందుకు పారబొయ్యాలో అమ్మ ముందు చెప్పలేకపోయాను.

నాగేందర్‌ను పిలిచి దగ్గరుండి చేయించుకో. బిడ్డ తాగే మొదటి గ్లాసు అతను చూస్తాడు, నేను చూడను. ఆ కుళ్లు నాకు పోలేదు, పోయిందని అబద్ధం రాయను. అయినా పిలువు.

ఇట్లు,
నీ మీద అలిగిన నీ పెనిమిటి
గంగారాం