నలభై మంది తండ్రులు

పల్లెపాళెం,
మంగళవారం

సౌభాగ్యవతి సాయిలక్ష్మికి నీ భర్త ఆశీస్సులతో రాసేది. ఇక్కడ అమ్మ, నేను, గుంటలో రొయ్యలు అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మీ హాస్టల్ నీళ్ల సాంబారూ క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో నేనేం చెప్పినా వేళాకోళమే అంటావు, అందుకే కాగితం ఖరాబు చేస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు బతికింది. నేను బీపీ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, ఒట్టు.

ఇక నువ్వు పంపిన గ్రాఫ్ కాగితం. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సగటు అట, ప్రామాణిక విచలనం అట. మన పాళెంలో ఆడపిల్లలు ఎనిమిదితో బడి మానేది తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేకనే అని తేలిందట. మీ ఎం.ఎడ్. గైడు గారు, "గంట బోర్లించినట్టు ఇంత చక్కని డేటా నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నారట. థూ! మన గుంట దగ్గర కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో కౌంట్ చూసేవాడు పదో తరగతి తప్పాడు. విసురు వల ఒక్క మూలే వేస్తే వాడు ఒప్పుకోడు, నాలుగు మూలలా నడిమధ్యనా వేయమంటాడు. రొయ్యలన్నీ ఒకే సైజులో పడితే, "ఏందన్నా, నాకే టోపీ పెడతా ఉండావా?" అని నా మొహం చూస్తాడు. ఆ మాత్రం అనుమానం అంత చదివిన మనిషికి రాలేదా?

ఆయన్ను తిట్టి ఏం లాభం? అసలు రోత నా మీద నాకే.

నీ థీసిస్ కోసం ఇల్లిల్లూ తిరిగి నింపించమని నలభై ఫారాలు ఇచ్చి వెళ్లావు కదా. నేను ఒక్క గడప తొక్కలేదు, లక్ష్మీ. గుంట షెడ్డులో కూర్చుని, మన కాపలా హజరత్తయ్య మామ రకరకాల పెన్నులు అందిస్తుంటే, నలభై మంది పిల్లలకూ నేనే తండ్రినయ్యాను. కొన్ని ఎడమచేత్తో రాశాను. వేలిముద్రలు మామవి. ఆసక్తికి ఒకటి నుంచి ఐదు మార్కులన్నావా, మరీ ఒకటీ మరీ ఐదూ వేస్తే దొరికిపోతామని రెండూ మూడూ దండిగా వేసి, మిగతావి ఉప్పు చల్లినట్టు చల్లాను. మీ గైడు మురిసిన గంట అదే. ఆ పూటంతా పడీపడీ నవ్వుకున్నాం.

నీ కాగితం అందిన మర్నాడు ఖాళీ ఫారాలు జిరాక్స్ తీయించి నిజంగానే తిరిగాను. మొదటి ఇల్లు మాలకొండమ్మది. చేపలు ఎండబెడుతోంది. ఆసక్తి ఎంత అని అడిగాను.

"ఆసక్తేందన్నా? బడికి పోతానని నా బిడ్డ ఏడస్తా ఉంది. ఆడ బాత్రూముకు తలుపు లేదు. ఆ నాలుగు దినాలు ఆ పిల్ల యాడికి పోవాల? తుమ్మచెట్ల చాటుకా? ఇంతవరకు మమ్మల్ని ఒక్కరన్నా అడిగినారా?"

ఆ జవాబుకు నీ ఫారంలో గడి లేదు, వెనకవైపు రాసుకున్నాను. ముప్పై ఒక్క ఇళ్లు తిరిగితే పందొమ్మిది మంది తలుపు సంగతే చెప్పారు. ఒకాయన నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు, అదీ రాశాను. అంకెలు అటొకటి ఇటొకటి పడ్డాయి, గంటా లేదు గింటా లేదు. అన్నీ ఈ కవరులోనే పెట్టాను.

సోమవారం నువ్వు ఆ థీసిస్ ఇచ్చావంటే, మన పాళెం తల్లులకు బిడ్డల చదువు పట్టదని అచ్చులో నిలిచిపోతుంది. తలుపు సంగతి ఎవడికీ పట్టదు. ఇవ్వకపోతే నీ ఏడాది పోతుంది. ఎటు చూసినా చేసిన వెధవను నేనే. అయినా సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఇవ్వొద్దు. శనివారం మొదటి బస్సుకు వచ్చి మీ గైడు ముందు నేనే నిలబడతాను. ఆయన తిట్టడం అయ్యాక నువ్వు మొదలుపెట్టు.

ఇట్లు,
నలభై దొంగ సంతకాల తర్వాత సొంత సంతకం పెడుతున్న
నీ భర్త
పెంచల్