చిన్ని వాసన ఉన్న గుడ్డ

శుక్రవారం, రాత్రి

చిన్నీ, ఈ రోజు నీ గుడ్డ కూడా పోయింది.

నెలలు నిండకుండా పుట్టి నువ్వు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, నర్సమ్మ రెండు గుడ్డముక్కలు ఇచ్చింది. ఒకటి నా రొమ్ము దగ్గర, ఒకటి నీ తల కింద. రోజూ అటుదిటు మార్చేవాళ్ళం. "నీ వాసన బిడ్డకు, బిడ్డ వాసన నీకు. అమ్మ ఎవరో దానికి ఎరుకైతది" అనేది. నువ్వు పోయాక నీ తల కింది ముక్కను దిండు గలీబులో దాచుకున్నాను.

ఇవాళ దవాఖానలో నన్ను చూపించుకుని, దబీర్‌పురాలో రైలు దిగి ఇంటికొచ్చేసరికి అది తీగ మీద ఆరుతోంది. అత్త గలీబుతో పాటు సబ్బు పెట్టి ఉతికేసింది.

"ఏందత్తమ్మా, గిట్ల జేసినవ్? అది చిన్నిది!" అని అరిచాను.

"మురికి గుడ్డ అనుకున్న బిడ్డా, నాకేం ఎరుక?"

ఆమె లేచి దాన్ని తీసి ముక్కుకు పెట్టుకుంది. నిన్ను ఒక్కసారైనా ఎత్తుకోలేదు కదా, చాలాసేపు అలాగే పట్టుకుంది.

"సబ్బు వాసనే వస్తున్నదే" అని ఏడ్చింది.

నేనూ చూశాను. సబ్బే.

మళ్ళీ రొమ్ము దగ్గర పెట్టుకున్నాను. పాలు ఇంకా ఆగలేదు, గుడ్డ తడిసిపోయింది. ఇప్పుడు దానికి నా వాసనే ఉంది. మార్చుకోవడానికి నువ్వు లేవు. నీ ముఖం మరిచిపోను, కానీ వాసన ఎలా గుర్తుపెట్టుకోవాలో...

ఇక్కడ గొట్టంలోంచి చుక్క చుక్క తాగావు. అక్కడ ఎవరు పెట్టినా కాదనకు. కడుపు నిండా తిను తల్లీ.