షంషూ రాయికి కొలత

కోట,
18-2-1963

చిరంజీవి హనీఫాకు, అల్లా నిన్నూ కోడల్నీ చల్లగా చూడాలని దువా చేస్తూ రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో అందరం అంటే నేనొక్కణ్ణే. బాగానే ఉన్నాను.

టెలిగ్రాం ఆలస్యంగా అందినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. నలభయ్యో రోజు ఫాతిహాకు వచ్చేటప్పుడు నీ బిడ్డ షంషూ గోరీకి రాయి చెక్కించి తెస్తాను, కొలత పంపమన్నావు. పంపుతాను. ముందు నీ రెండో ప్రశ్నకు జవాబు.

ఖబరస్తాన్‌లో అంత ఖాళీ పెట్టుకుని పోయినవాళ్ల మయ్యత్తుల్ని చిట్టమూరుకు పంపుతున్నానని మద్రాసులో మనవాళ్లు నిన్ను నిలదీశారట. చూసేవాళ్లకు ఖాళీయే. షంషూ పోయిన కలరా ఏడు ప్రతివాళ్లూ "మావాళ్ల పక్కన తవ్వు సాయిబూ" అన్నారు. చూపినచోటల్లా తవ్వాను. తాడు కట్టి వరసగా తవ్వాలని మా అబ్బా నేర్పాడు. ఏడ్చేవాళ్ల ముందు తాడు పట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. ఇప్పుడు ఏ రెండు గోరీల నడుమ చూసినా జానెడో మూరెడో మిగిలింది. అన్నీ కలిపితే ముప్పైమందికి చోటు. విడిగా ఒక్క మనిషికీ లేదు.

పోయిన నెల ఇమామ్ సాహెబ్ పోతే అతని భార్య నూర్జాన్ మన గడపలో కూలబడింది. "ఇంత నేలుండాదే మామా, ఆయన్ని అంత దూరం పంపిస్తావా?" అని ఏడ్చింది. పంపించాను.

మీ అమ్మ మంచంమీంచి అంతా విన్నది. చివరిరోజు నా చెయ్యి పట్టుకుని, "నన్ను చిట్టమూరికి పంపబాకండి. బిడ్డకాడ పెట్టండి" అన్నది.

షంషూ పక్కన మూరెడే ఉంది. రెండుసార్లు కొలిచాను. షంషూ చోటు కూడా కలిస్తే సరిపోతుంది.

హనీఫా, నీ బిడ్డ గోరీ తవ్వాను. నిన్ను అడగలేదు. అయిదేళ్లకు మిగిలింది నా దోసిట్లో పట్టింది. జనం రాకముందే తెల్లగుడ్డలో చుట్టి, గుంత పడమటి గోడలో చిన్న గూడు చేసి, మీ అమ్మ ముఖం తిరిగేచోట పెట్టాను. ఈ చోటు ఎప్పుడో ఉంచుకున్నానని అందరితో అబద్ధం చెప్పాను. నూర్జాన్ నా ముఖం చూడడం లేదు. నువ్వూ చూడకపోతే అడగను. రావడం మాత్రం మానకు.

కొలత: పొడవు అయిదున్నర అడుగులు, వెడల్పు రెండు. పసిబిడ్డకు ఇంత రాయేమిటని చెక్కేవాడు అడుగుతాడు. రెండు పేర్లు చెప్పు. పైన షంషూ పేరు చెక్కించు. ఆ చోటు దానిది.

ఇట్లు,
నీ అబ్బా
హుస్సేన్ సాహెబ్