పీటలెక్కడానికి యోగా

ఫిబ్రవరి 3, 2008
దమ్మపేటలో మా కొత్త ఇంటికి ముహూర్తం కుదిరింది. ఇరవై ఒకటిన గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. చిక్కల్లా పీటల దగ్గరే! వ్రతమంతా బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఏళ్ల తరబడి పామాయిల్ గెలల కాటా దగ్గర కుర్చీలో కూర్చున్న నాకు కాళ్లు మడత పడవు. పైగా బొజ్జ.

నాకు చేతకాకపోతే అన్నయ్యా, నిర్మలాదేవి వదినా కూర్చుంటారట. ఆ మాట వదినే అంది. మా ఆవిడ సుబ్బరత్నం భగ్గుమంది.

"నా ఇంట్ల ఆమె పీట మీద కూసుంటే, నేను పక్కన నిలబడి కొబ్బరికాయలు అందియ్యాల్నా?"

అంతే! రేపటి నుంచి టీవీ చూస్తూ యోగా. ఇల్లు కట్టి జేబు ఖాళీ అయింది కనుక చాప కొనలేదు. రెండు యూరియా సంచులు కలిపి కుట్టాను.

ఫిబ్రవరి 4
తెల్లారకముందే లేచా! పద్మాసనం: కుడికాలు వచ్చింది, ఎడమకాలు రానంది. మొదటి రోజుకు ఒక కాలు చాలు. ముఖంలో తేజస్సు! చెమట అంటోంది సుబ్బరత్నం.

ఫిబ్రవరి 7
టీవీలో గురువుగారు "ఊపిరి బిగబట్టండి" అన్నారు. బిగబట్టాను. కరెంటు పోయింది. ఎప్పుడు వదలాలో చెప్పే దిక్కు లేదు!

ఫిబ్రవరి 9
టీవీని నమ్ముకోకుండా దొడ్లో, చీకట్లో కపాలభాతి. ముక్కుతో బుస్సు బుస్సుమని మంచి జోరు మీదున్నాను. కంచె అవతల మక్కజొన్న చేను కాపలా కాస్తున్న లచ్చిరాం డబ్బా మోగిస్తూ, కర్రతో ఉరికొచ్చాడు.

"అడవిపంది! జల్దీ రాండ్రి!"

పారిపోదామంటే ముడేసిన కాలు ఊడి రాదే! టార్చి వెలుగు ముఖాన పడింది.

"ఏంది తిరుపతి సారూ, మీరా? గట్ల బుసకొడితే పందే అనుకున్న."

సిగ్గుతో చచ్చాను.

ఫిబ్రవరి 10
పాపం, లచ్చిరాంను బెదరగొట్టడం తప్పు. కపాలభాతి బంద్.

ఫిబ్రవరి 13
చలి. దుప్పట్లోనే శవాసనం. అద్భుతంగా కుదిరింది! లేచేసరికి ఎండెక్కింది.

ఫిబ్రవరి 16
చుట్టాలు దిగారు. నా సంచుల మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. నేనేం చెయ్యను?

ఫిబ్రవరి 21
గణపతి పూజకే తొడ పట్టేసింది. రెండో కథకు కుయ్యోమన్నాను. వదిన కుచ్చిళ్లు సర్దుకుని ముందుకొచ్చింది. అన్నయ్య మాత్రం కదల్లేదు. సుబ్బరత్నం కళ్లలో నీళ్లు చూసి నాకు ప్రాణం పోయినంత పనైంది.

అంతలో తనే గొంతెత్తింది: "రెండు కుర్చీలు తేండ్రి. ఇద్దరం అండ్లనే కూసుంటం."

పంతులుగారు తలూపారు. మిగతా వ్రతం టెంటు కుర్చీల్లో దర్జాగా ముగిసింది. ఇంత మంచి మనిషిని కట్టుకున్నానని నాకు ఇవాళే తెలిసింది.

భోజనాలయ్యాక వదిన మమ్మల్ని పక్కకు పిలిచింది.

"తిరుపతీ, ఎవ్వరికీ చెప్పకు. మీ అన్నకు మోకాళ్లు వంగుతలేవంట, నాకూ ఇయ్యాలనే చెప్పిండు. వచ్చే నెల మా ఇంట్ల వ్రతం, మీరిద్దరే పీటల మీద కూసోవాలె. కుర్చీలు గిర్చీలు మా ఇంట్ల నడవయి."

నేను నోరు తెరిచేలోగా సుబ్బరత్నం అనేసింది.

"అవ్ అక్కా, కూసుంటం!"

రేపటి నుంచి మళ్లీ యోగా. తెల్లారకముందే తనే లేపుతుందట, చెంబెడు చన్నీళ్లతో.