గేటు చప్పుడు

గురువారం, సిద్దిపేట

రేసుల నుంచి రిటైరైన ఈ గుర్రాన్ని ఇక సాకలేమని, దాన్ని మాకు దత్తతిచ్చిన కేంద్రానికి పొద్దున ఫోన్ చేసి చెప్పేశాను. వారం కిందట వచ్చినప్పటి నుంచి కొట్టం గేటు తీయగానే బాణంలా దూకుతోంది. నిన్నయితే నన్ను పడేసి తొగుట రోడ్డెక్కింది. మోచేయి ఇంకా మండుతోంది.

బాపు మాత్రం గేటు గడియను రెండుసార్లు ఆడించి, దాని చెవులనే చూశాడు.

"దీనికి పిచ్చి లేదు బిడ్డా. గీ ఇనుప చప్పుడు ఇంటె పందెం షురువైందనుకుంటది."

నిజమే. రేసుల్లో ఇనుప తలుపులు ధన్‌మని తెరుచుకోగానే గుర్రాలు పరుగందుకుంటాయి. నాకది తట్టనేలేదు.

మధ్యాహ్నం బాపు గేటు పీకేసి, అడ్డంగా రెండు వెదురు బొంగులు పెట్టాడు. సాయంత్రం వాటిని చప్పుడు కాకుండా తీశాడు. గుర్రం మెల్లగా నడుచుకుంటూ వచ్చి, బాపు భుజం మీది తువ్వాల వాసన చూసింది. కొట్టంలోంచి అది నడిచి రావడం నేను చూసింది ఇవాళే. బాపు లేకపోతే పాపం దాన్ని పంపేసేదాన్నే.

దాన్ని తీసుకెళ్లడానికి రేపు బండి పంపొద్దని కేంద్రానికి మళ్లీ ఫోన్ చేశాను. పక్కింటి దుకాణం షట్టర్ లేపినప్పుడు ఏం చేస్తుందో...

ఇందాక చూస్తే బాపు మా ఇంటి గేటు గడియకు నూనె పోస్తున్నాడు.

"గిది సుత దానికి ఇనవడ్తది గద," అన్నాడు.