తెగని దారం

ఆదివారం రాత్రి

బ్రాడీపేట గాలాల షాపులో మా ఆయన రెండు కొత్త రీళ్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒకదానికి అయస్కాంతం బ్రేకు, గాలం విసిరితే దారం చిక్కుపడదట. రెండోదానికి పట్టు ఎక్కువ.

"ఎంత పెద్ద బొచ్చె చేప లాగినా వదలదండీ. దీని దారం తెగనే తెగదు" అన్నాడు షాపతను.

చేప తగిలితే దారాన్ని చేతికి చుట్టుకోవడం ఈయనకు చిన్నప్పటి అలవాటు. పోయినేడు సాగర్ కాలువలోకి చేప ఈయన్ని లాక్కుపోతుంటే, పాత దారం తెగబట్టి బతికారు.

"మొదటిదే తీసుకోండి" అన్నాను.

"రీళ్ల సంగతి నీకేం తెలుసే!" అని రెండోదే కొన్నారు. చేతికి చుట్టుకోనని నా మీద ఒట్టేశారు.

తెల్లారగానే కాలువకి వెళతారట. ఇందాక గదిలోకి తొంగిచూశాను. కొత్త దారం బిగువు చూసుకుంటున్నారు, అరచేతికి చుట్టుకుని...