ఖాళీ తొట్టెకు నెల రోజుల మేత

నాన్నా,

మన గాజు తొట్టెలో ఇవాళ ఆరు గప్పీ చేపలు తిరుగుతున్నాయి. నువ్వు పోయి ఏడాదైన రోజున ఇంత సంబరం ఏమిటని అనుకోకు, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పడవ అమ్మేశాక నువ్వు ముచ్చటపడి తెచ్చిన గప్పీలు నాలుగు రోజులకే చచ్చి తేలాయి. రెండోసారీ అంతే. "సేపల్ని సంపిన సెయ్యి ఇది, పెంచనేదమ్మా" అని తొట్టెను మంచం కిందికి తోసేశావు. మళ్ళీ దాని మాటే ఎత్తలేదు.

ఈసారి తొట్టెను బయటికి తీసి, ముందుగా రంగు చేపలమ్మే భయ్యాను అడిగాను. కొత్తగా నీళ్ళు పోసిన తొట్టెలో ముందే చేపల్ని వేయకూడదట. ఫిల్టర్ ఆడిస్తూ ఖాళీ నీళ్ళలోనే రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్ళి విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో మెల్లగా పెరుగుతాయి. పక్కింటి సరోజ రోజూ తొంగిచూసి, "ఖాళీ పానీకి మేతేస్తన్నావేటి దీదీ?" అని నవ్వేది. నెల పట్టింది. ఈ పొద్దున పరీక్ష చుక్కలు వేసి చూస్తే విషం జాడ లేదు. ఆటో దొరికేదాకా కూడా ఆగలేక నడిచే వెళ్ళి గప్పీలను తెచ్చాను.

నువ్వు పడవ కడిగినట్టే రోజూ ఆ స్పాంజిని కుళాయి కింద తెల్లగా పిండేవాడివని చెబితే భయ్యా తల పట్టుకున్నాడు. "అరే దీదీ, జాన్, పానమంతా అందులోనే ఉంటాది."

నీ చెయ్యి వాటిని చంపలేదు నాన్నా. మరీ శుభ్రంగా కడిగింది, అంతే.